నలభై ఒక్క కిలోల కంప్యూటరు

మా అక్కావాళ్లింట్లో కొత్తగా అమర్చిన కంప్యూటరు నికర బరువు నలభై ఒక్క కిలోల ఏడు వందల గ్రాములని సంబంధిత వ్యక్తులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. తెర, మౌసు, వైర్లు, పైన కప్పే గుడ్డ ఇందులో కలపలేదు. వాటిని విడిగా తూచి, విడిగా రాసిపెట్టారు.

అది ఎంత వేగంగా పనిచేస్తుందని కొందరు అడుగుతున్నారు. ఈ కాలం మనుషులకి ప్రతిదాంట్లోనూ తొందరే.

దాన్ని కూర్చిన ఘనత మా బావది. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో కాటా ఉన్న ప్రతి దుకాణంలోకీ వెళ్లి, ఆ కాటాని తలకిందులు చేసి చూసిన మనిషి. వీధిలో ఆయన్ని ఎదురుగా ‘సార్’ అనీ, మలుపు తిరిగాక ‘తూకం’ అనీ అంటారు. చేతికి ఏ వస్తువిచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని, కళ్లు సగం మూసి, రెండుసార్లు పైకీ కిందికీ ఊపుతాడు. అప్పటికి అభిప్రాయం ఏర్పడిపోతుంది. ఒకసారి ఆయన పుట్టినరోజుకి నేనొక పుస్తకం ఇచ్చాను. చేతిలో ఊపి, “చాలా బాగుంది” అన్నాడు. దాన్ని ఇంతవరకూ తెరవలేదు.

నేను వాళ్ల మేడమీది గదిలో ఒక్కణ్ణే ఉంటాను. పగలు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను, సాయంత్రాలు మనస్తత్వ శాస్త్రం చదువుకుంటాను. బతుకంతా ఇతరుల తక్కెళ్లు సరిచూసే మనిషికి తన మాట తూగదేమోనన్న భయం లోపల ఎక్కడో ఉంటుందని ఆ పుస్తకాలు చెబుతాయి. ఈ సంగతి నేను బావకి చెప్పలేదు. పైవాటాలో ఊరికే ఉండేవాడు కిందివాటా మనసుల్ని విశ్లేషించకూడదు.

ఇక అసలు సంగతి. మా అక్క ఇంట్లో కూర్చుని భవనాలకి ప్లాన్లు గీస్తుంది. ప్రతి ప్లానుకీ కింది మూలలో ఒక చిన్న గడి ఉంటుంది. గీసినవాళ్ల పేరు అందులో రాస్తారు. పదకొండేళ్లలో అక్క గీసిన ఏ కాగితం మీదా ఆ గడిలో అక్క పేరు పడలేదు. పని ఇచ్చినవాళ్ల పేరే పడేది. చివరికి ఒక నిర్మాణ సంస్థ ఆమెకో అవకాశం ఇచ్చింది. పద్నాలుగు గదులు, రెండు మెట్ల వరసలు ఉన్న బడి భవనం. నెలాఖరు సాయంత్రంలోగా ప్లాన్లన్నీ పంపితే పర్మనెంటు ఉద్యోగం, గడిలో సొంత పేరు. పంపలేకపోతే వరసలో ఇంకొకామె ఉంది.

ఈ కబురు వచ్చిన మూడో రోజు అక్క పాత కంప్యూటరు నీలం తెర చూపించి కన్ను మూసింది.

“ఏమండీ, షాపులో తయారుగా ఉన్నదొకటి తెచ్చేసుకుందాం. ఇరవై ఆరు రోజులే ఉన్నాయి” అంది అక్క.

బావ చదువుతున్న పేపరు మడిచాడు. “తయారుగా ఉన్నదా? లోపల ఏం పెట్టారో నీకు తెలుసా? మూట విప్పకుండా సరుకు కొంటావా నువ్వు?”

“సరుకు కాదురా, కంప్యూటరంట” అంది బావ వాళ్లమ్మ. నేను ఆవిణ్ణి అత్తయ్యా అంటాను.

“అందుకే అమ్మా. ఒక్కో భాగాన్నీ విడిగా, నాణ్యత చూసి ఎంచాలి. దీనికి నేను సెలవు పెడుతున్నాను.”

సెలవు చీటీలో కారణం ‘తూనికలకు సంబంధించిన ప్రత్యేక అధ్యయనం’ అని రాశాడు. పై అధికారి చదవకుండా సంతకం పెట్టాడు. కాగితం కాస్త మందంగా ఉంది.

మర్నాడు బావ తన కాటాని గుడ్డలో చుట్టుకుని కంప్యూటరు విడిభాగాల షాపుకి బయలుదేరాడు. అక్క వెంట వెళ్లింది. ప్రతి తూకానికీ ఒక సాక్షి సంతకం ఉండాలన్నది నియమం కాబట్టి నేనూ వెళ్లాను. ప్రెస్సులో ఆ నెల పని లేదు.

కాటాతో గుమ్మంలోకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ని చూసి షాపాయన లేచి నిలబడ్డాడు. “సార్, మా దగ్గర తూచి అమ్మే సరుకేమీ లేదండీ.”

“అదే మీరు చేస్తున్న తప్పు” అన్నాడు బావ.

అలా మొదలైంది. బావ సిద్ధాంతం చాలా సరళమైనది: లోపల సరుకుంటే బరువుంటుంది, బరువుంటే మోసం లేదు. మొదట పెట్టె ఎంచారు. అద్దం తలుపుతో, లోపల రంగుల దీపాలతో ఉన్నవన్నీ తేలిపోయాయి. గోదాములో అడుగున, ఎవరూ కొనక మిగిలిపోయిన ఉక్కు పెట్టె ఒకటి దొరికింది. దాన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. బావ దాని వీపు తట్టి, “ఇదీ పెట్టె” అన్నాడు. ఎంపిక ఏకగ్రీవం. నేను సంతకం పెట్టాను.

కరెంటు సరఫరా చేసే డబ్బాని ఎంచడానికి మూడు రోజులు పట్టింది. చివరికి నెగ్గిన డబ్బా లోపల బరువు కోసమే అతికించిన ఇనప ముక్క ఉందని ఆ తర్వాత తెలిసింది. బావ బాధపడలేదు. “ఇనుముంది కదా. లేదని నేను అన్నానా?” అన్నాడు.

దాచుకునే డిస్కు సంగతి వచ్చినప్పుడు షాపాయన రబ్బరు ముక్కంత వస్తువొకటి తీసి, ఇప్పుడందరూ ఇదే వాడుతున్నారన్నాడు. తూస్తే ఎనిమిది గ్రాములు.

“దీంట్లోనా మా ఆవిడ పదకొండేళ్ల పని దాచుకోవాల్సింది? తుమ్మితే ఎగిరిపోతుంది” అన్నాడు బావ. గిర్రున తిరిగే పాతరకం డిస్కులు నాలుగు తీయించాడు. ఒక్కోటీ ముప్పాతిక కిలో.

మా ఎదురింటాయన్ని వీధిలో గిగాబైట్ అంటారు. ఆయన బీమా పాలసీలు అమ్ముతాడు, తెలియని విషయం లేదు. రోజూ షాపు ముందు స్కూటరు ఆపి, దిగకుండానే సలహా ఇచ్చి వెళ్లేవాడు. “అన్నయ్యా, వచ్చే నెల కొత్త రకం వస్తోంది, ఆగండి.” మర్నాడు, “అన్నయ్యా, ఆ కొత్త రకం బాగాలేదంట, పాతదే తీసుకోండి.” రెండు సలహాలనీ బావ తన తూకాల పుస్తకంలో రాసుకుని, రెండింటినీ పాటించాడు.

ఈ మధ్యలో అక్క ఏం చేసిందన్నది చెప్పాలి. మొదటి రోజు నిలబడింది. రెండో రోజు స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది. మూడో రోజు షాపాయన జాలిపడి, “మేడమ్, కాసేపు అక్కడ కూర్చోండి” అని మూల చూపించాడు. అక్కడ ఒక కంప్యూటరుంది. అది ఎవరూ ఎంచినది కాదు. కొన్నవాళ్లు వద్దని వదిలేసిన ముక్కలన్నీ కలిపి షాపాయన తన అవసరానికి కట్టుకున్నది. పక్కతలుపు లేదు, బదులు అట్టముక్క ఉంది. పైన ఎప్పుడూ ఒక టీ గ్లాసుండేది. అక్క వాడే ప్రోగ్రాం అందులో ఎక్కించుకోవచ్చా అని అడిగితే, “దానికేం భాగ్యం మేడమ్” అన్నాడు.

ఆ మధ్యాహ్నానికల్లా అక్క బడి ప్రహరీ గీసేసింది.

“ఏమిటలా టకటకా కొడుతున్నావు?” అని అడిగాడు బావ, కాటా మీద నుంచి తలెత్తకుండా.

“చూస్తున్నానండీ.”

“చూడు, బాగా చూడు. తొందరపడకు.”

పదిహేనో రోజున బావకి పెద్ద సంకటం వచ్చిపడింది. ప్రాసెసరు. షాపాయన దాన్ని వేలికొసన పట్టుకుని, “దీని బుర్ర ఇదేనండీ సార్” అన్నాడు. అగ్గిపెట్టె కంటే చిన్నది. కాటా మీద ముప్పై ఒక్క గ్రాములు చూపించింది. బావ కాటా ఆపి, తుడిచి, మళ్లీ పెట్టాడు. ముప్పై ఒకటే.

“మొత్తం యంత్రానికి బుర్ర ఇంతేనా?”

“ఇంతేనండీ.”

“మరి మనం ఇన్నాళ్లూ కొన్నదంతా?”

“దీన్ని పెట్టుకోవడానికీ, చల్లబరచడానికీ, దీనికి కరెంటివ్వడానికీ అండీ.”

బావ రెండు రోజులు సరిగ్గా భోంచేయలేదు. బాల్కనీలో కూర్చుని ఖాళీ అరచేతిని చూసుకునేవాడు. ఒక మనిషి నమ్మకం కూలిపోవడాన్ని నేను పుస్తకాల్లో చదివాను కానీ ఇంత దగ్గరగా చూడలేదు.

“దీనికింత దిగులెందుకురా?” అంది అత్తయ్య. “మనుషుల్లో మాత్రం ఇంకోలా ఉందా ఏమిటి? నువ్వు ఎనభై ఆరు కిలోలు, అందులో బుర్రెంత?”

మూడో రోజు షాపాయనే ఒడ్డున పడేశాడు. గోదాం వెతికి, ఎన్నో ఏళ్ల కిందటి ప్రాసెసరు ఒకటి తెచ్చాడు. యాభై రెండు గ్రాములు. దానికి సరిపడే పాత మదర్‌బోర్డు కూడా కొత్తదాని కంటే రెండు వందల గ్రాములు ఎక్కువ తూగింది. బావ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ఆ పూట రెండు టీలు తాగాడు.

ఇక మిగిలింది ప్రాసెసర్ని చల్లబరిచే కూలరు ఒక్కటే. నెలాఖరుకి ఇంకా ఐదు రోజులున్నాయి. బావ రెండు కూలర్లు తూచి, ఒకటి ఎంచి, పుస్తకం మూయబోయాడు. అప్పటికి అక్క పన్నెండు గదులూ ఒక మెట్ల వరసా గీసింది. ఇంకో మెట్ల వరస, రెండు గదులు మిగిలి ఉన్నాయి. పుస్తకం మూస్తే రేపటినుంచి షాపుకి రావడానికి కారణం లేదు.

అక్క కుర్చీలోంచి లేచింది. కాటా దగ్గరకొచ్చి, రెండు కూలర్లనీ చెరో చేత్తో ఎత్తింది. కళ్లు సగం మూసింది. రెండుసార్లు ఊపింది.

“ఏమండీ, నాకెందుకో రెండోది కాస్త ఎక్కువ తూగుతుందేమో అనిపిస్తోంది. ఇవాళ ఫ్యాను గాలి కాటా మీదికి కొడుతోంది. రోజుకి ఒక పూట చొప్పున, ఓ నాలుగు రోజులు తూచి సగటు తీస్తే?”

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇన్నేళ్లకి నా పని నీకు అర్థమైంది” అన్నాడు మెల్లగా. ఆ దంపతులు ఏ విషయంలోనైనా ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది అదే. ఆ తర్వాతి నాలుగు రోజులూ వాళ్లు చాలా అన్యోన్యంగా ఉన్నారు. ఆయన తూచాడు, ఆమె గీసింది. నేను సంతకాలు పెట్టాను.

నెలాఖరు మధ్యాహ్నం మూడున్నరకి, షాపు మూలలో, టీ గ్లాసు పక్కకి జరిపి, అక్క ఒక మీట నొక్కింది. ప్లాన్లన్నీ వెళ్లిపోయాయి. అక్క అరచేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

ఐదింటికి ఇంట్లో ప్రారంభ సభ. పాత బల్ల ఒక కాలు వంచి రాజీనామా చేయడంతో కంప్యూటర్ని నేలమీదే నిలబెట్టారు. వీధిలోవాళ్లు వచ్చారు. ముందుగా గిగాబైట్ మాట్లాడాడు.

“సోదర సోదరీమణులారా, నేటి సమాజంలో తేలికపాటి వస్తువులు, తేలికపాటి మనుషులు పెరిగిపోతున్న ఈ తరుణంలో, మన సార్ ఒక బరువైన నిర్ణయం తీసుకున్నారు. ఈ యంత్రాన్ని ఎవరూ కదిలించలేరు. దొంగ కూడా కదిలించలేడు. అయినా పాలసీ తీసుకోవడం మంచిదని నా మనవి.”

తర్వాత బావ లేచాడు. ప్రతి భాగం బరువూ చదివి వినిపించాడు. గ్రాముల్ని రెండేసి సార్లు చదివాడు. “ఈ విజయంలో సగం మా ఆవిడది” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క తల వంచుకుంది. వినయమనుకున్నారు.

బావ మీట నొక్కాడు. లోపల పిండిమర లాంటి చప్పుడు మొదలైంది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి.

“బరువైనది నిదానంగానే కదులుతుంది” అన్నాడు బావ. “ఏనుగుని చూడండి.”

“ఏనుగైనా ఈపాటికి లేచేదిరా” అంది అత్తయ్య.

పందొమ్మిదో నిమిషంలో తెర మీద వెలుగొచ్చింది. అది నీలం రంగు కాదని తెలిశాక అందరూ ఫలహారం చేసి వెళ్లారు.

అక్కకి ఉద్యోగం వచ్చింది. సంస్థవాళ్లు పని చేసుకోవడానికి ఒక చిన్న మడత కంప్యూటరు పంపారు. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్లు కూడా మూయకుండానే తిరిగిచ్చేశాడు. “పాపం, వాళ్ల పరిస్థితి బాగాలేనట్టుంది. పోనీలే, మనకి ఉంది కదా.”

అక్క ఇప్పుడు ఆ చిన్నదాన్ని ఈ పెద్దదాని మీద పెట్టుకుని పని చేస్తోంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది, అస్సలు ఊగదు. ఇంటికొచ్చినవాళ్లు కింది ఉక్కు పెట్టెని తట్టి చూసి, “ఇంత మెషీనుంటే ఉద్యోగం రాకేం చేస్తుంది!” అంటున్నారు. అక్క కాదనదు.

బడి ప్లాను అచ్చుప్రతి వచ్చిన రోజు అక్క దాన్ని బావకి చూపించింది. కింది మూల గడిలో ఆమె పేరుంది. బావ ఆ కాగితాన్ని అరచేతిలో పరుచుకున్నాడు. ఊపబోయి, ఆగాడు. చాలాసేపు ఆ గడి వైపే చూశాడు. మర్నాడు దానికి ఫ్రేము కట్టించి తెచ్చాడు. టేకు ఫ్రేము, ఆరు కిలోలు. దానికోసం గోడకి రెండు ఇనప కొక్కేలు దిగగొట్టాల్సి వచ్చింది.

బావని ఇప్పుడు సభలకి పిలుస్తున్నారు. షాపాయన ‘ఇచ్చట తూచి అమ్మబడును’ అని బోర్డు పెట్టాడు, వ్యాపారం బాగుంది. మా వీధిలో కొత్త కంప్యూటర్లన్నీ ఇద్దరేసి మనుషులు మోసుకొచ్చినవే. అవన్నీ ఒకేసారి లేచి కూర్చోవడానికి ప్రయత్నించినప్పుడు కరెంటు పోతుంది. అందరూ గర్వంగా బయటికొచ్చి నిలబడతారు.

ఇదంతా చూసి నాలో నేను నవ్వుకున్న మాట నిజం. కానీ ప్రెస్సులో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నవాణ్ణి, ఒక విషయం దాచలేను. ఈ కథ ఉన్న నా పుస్తకం అచ్చుకి వెళ్లేముందు యజమాని నన్ను పిలిచి, మామూలు కాగితం వేద్దామా, మందపాటిది వేద్దామా అని అడిగాడు. కొనేముందు మీరు దీన్ని చేతిలోకి తీసుకుంటారని నాకు తెలుసు. లోపల ఒక్క వాక్యం కూడా చదవరు. అరచేతిలో పెట్టుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, రెండుసార్లు పైకీ కిందికీ ఊపుతారు.

మందపాటిదే వేయమన్నాను.