ఐదుసార్లు దొరికిన పొట్లం

ఆ ఉదయం దశాంశం పెట్టుకున్న పని చిన్నదే. మత్తుపదార్థాలపై పోలీసు విభాగాలు నింపి పంపిన సర్వే పత్రాలు కూడి, మధ్యాహ్నానికల్లా నివేదిక ఇచ్చేసి, భార్యను వంతెన అవతలి కళ్ళ డాక్టరుకు చూపించాలి. ఏ అంకెనైనా చుక్క తర్వాత రెండు స్థానాల దాకా చెప్పనిదే నిద్రపట్టని మనిషి కనుక గణాంక శాఖలో అతనికి ఆ పేరు స్థిరపడింది.

వంతెన అవతలి పేటలో పోయినసారి గంజాయి దొరికింది ఒక్కసారి. ఈసారి ఐదు. అక్కడి ఎస్సై స్వయానా అతని బావమరిది. అయినా అంకెలకు చుట్టరికాలేమిటని ఎర్రసిరాతో గీత గీసి మరీ పంపాడు.

గంటలో డైరెక్టరు పిలిపించాడు. "పెరుగుదల నాలుగు వందల శాతమా?"

"నాలుగు వందల పాయింటు సున్నా సున్నా సార్."

ఆ రెండు సున్నాలే కొంప ముంచాయి. అంత కచ్చితంగా చెప్పేవాణ్ణి శంకించడమెందుకని డైరెక్టరు పైవాళ్ళకు చెప్పాడు. పైవాళ్ళు తనిఖీలకు వంతెన మూయించి, సాయంత్రానికల్లా ఎస్సైని బదిలీ చేయమన్నారు.

కాసేపటికి భార్య ఫోను చేసింది. "డాక్టరు సంగతి అలా ఉంచండి. తమ్ముణ్ణి బదిలీ చేస్తున్నారట. ఎవరో లెక్కలు రాశారట. ఆ మహానుభావుడెవరో మీకేమైనా తెలుసా?"

 దశాంశం కనుక్కుంటానని ఫోను పెట్టేసి, బావమరిదికి చేశాడు.

"ఐదు ఎక్కడివి బావా? ఒకటే పొట్లం," అన్నాడు ఎస్సై. "గస్తీవాళ్ళు పట్టుకున్నారు, మేం కేసు రాశాం, మత్తుపదార్థాల విభాగం వచ్చి చూసింది, ల్యాబువాళ్ళు తూచారు. పట్టాల పక్కన దొరికింది కాబట్టి రైల్వే పోలీసులూ వచ్చారు. పోయినసారి మీ పత్రం మా ఒక్కరికే వచ్చింది. ఈసారి అందరికీ పంపారుగా, అందరం నిజమే రాశాం."

అందరికీ పంపుదామన్న సలహా దశాంశానిదే.  పరుగున వెళ్ళి డైరెక్టరు ముందు తప్పు ఒప్పుకున్నాడు. బదిలీ ఆగింది, వంతెన తెరుచుకుంది. ఒక పొట్లాన్ని ఒక్కరే రాయాలని ఐదు విభాగాలకూ ఉత్తర్వు వెళ్ళింది.

మరుసటి సర్వే నాటికి పేటలో రెండు పొట్లాలు దొరికాయి. పక్కవాళ్ళు రాస్తారులే అనుకుని ఐదుగురూ సున్నా రాశారు. దశాంశం ఫోను చేసి సంగతి కనుక్కునేలోపే ఎస్సైకి ప్రశంసాపత్రం వచ్చేసింది. దశాంశం భార్య తమ్ముడి కాగితానికి పటం కూడా కట్టించి, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా ముందుగదిలో తగిలించింది.

"గంజాయి నూటికి నూరు శాతం తగ్గినట్టేనా?" అని అడిగాడు డైరెక్టరు.

"సుమారుగా సార్," అన్నాడు దశాంశం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి.