జీతం రాని ఉద్యోగికి సమ్మె ఎందుకు?

ప్రభుత్వం మూతపడినప్పుడు ప్రభుత్వోద్యోగులు సమ్మె చేయకూడదు. ఇది నా దృఢాభిప్రాయం. మార్చుకునే ఉద్దేశం లేదు!

అసలు షట్‌డౌన్ శాపమని ఎవరన్నారు? వాషింగ్టన్‌లో పెద్దలు బడ్జెట్ మీద పంతాలకు పోతారు. ఖజానాకు తాళం పడుతుంది. కొందరు ఉద్యోగులను ఇళ్లకు పంపేస్తారు. కొందరికి మాత్రం ‘మీరు లేనిదే దేశం నడవదు, దయచేయండి’ అని కబురు పెడతారు. వీళ్లు రోజూ రావాలి, పని చేయాలి. జీతం తాళం తీశాక. ఇంతకు మించిన గౌరవం ఉంటుందా? ముప్పై ఏళ్లుగా ఈ పత్రికకు కాలమ్ రాస్తున్నాను. నేను లేనిదే దేశం నడవదని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

మా పక్కింటి లొరెటా ప్రూయిట్‌కు ఆ గౌరవం దక్కింది. మా ఊరి ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల బ్యాగులు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. పందొమ్మిదేళ్ల సర్వీసు. వచ్చే ఏటికి ఇరవై నిండుతాయి, ఆమెకు అరవై నిండుతాయి, పింఛనుతో హాయిగా ఇంటికి రావచ్చు. అయితే చేరిన రోజునే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ప్రభుత్వం మీద ఏనాడూ సమ్మె చేయనని. చేస్తే ఉద్యోగం ఊడుతుంది, పింఛను ఆశా దాంతోపాటే పోతుంది.

ఎంత ముందుచూపు! జీతం ఇవ్వని రోజు వస్తుందని ఆనాడే ఊహించారన్నమాట.

లాభాలు చూడండి. లొరెటా ఫ్రిజ్ ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు, అందులో ఏమీ లేదు గనక. ముగ్గురు సహోద్యోగులు పెట్రోలుకు డబ్బుల్లేక ఆమె డొక్కు కారులోనే ఇరుక్కుని వెళ్తున్నారు. ఐకమత్యం అంటే ఇదే కదా! ఆ కారులో పెట్రోలు కోసం ఆమె ప్రతి బుధవారం తన రక్తంలోని ప్లాస్మా అమ్ముతోంది. దేశం కోసం రక్తం ధారపోస్తామని మైకుల ముందు గొంతు చించుకునేవాళ్లను చాలామందిని చూశాం. వారం వారం సూది గుచ్చించుకుని, ఆ డబ్బుతో ఉచితంగా పని చేయడానికి వెళ్లేవాళ్లను చూశామా?

“లొరెటా, నిన్ను చూస్తే అసూయగా ఉంది” అన్నాను ఓ రోజు కంచె దగ్గర.

“అంత అసూయ పడడం ఎందుకండీ? రేపు బుధవారమే, నా బదులు మీరు చెయ్యి చాపండి. నాది వాచిపోయింది” అంది.

పోనీ పాపమని, మరునాడు విమానంలో మా చెల్లెలి ఊరు వెళ్తూ ఆమెకు ఓ టర్కీ శాండ్‌విచ్ పట్టుకెళ్లాను. చేయి వెనక్కి తీసుకుంది. తనిఖీ దగ్గర ప్రయాణికులు ఇచ్చింది పుచ్చుకుంటే లంచం కిందికి వస్తుందట. శాండ్‌విచ్ లంచం అవునో కాదో తేల్చే ఆఫీసు ఒకటుంది. అదీ మూతే! ఆకలితో ఉన్నా నీతి తప్పని ఉద్యోగులు ఏ దేశానికి దొరుకుతారు?

అది షట్‌డౌన్ ముప్పై ఏడో రోజు. పదకొండు మంది తనిఖీవాళ్లలో ఏడుగురికి ఒకేసారి జ్వరం. ఒక్క లైనే తెరిచారు. అది పార్కింగ్ దాకా సాగింది. సరిగ్గా నా ముందు మా నియోజకవర్గం నుంచి వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ సభకు వెళ్లిన సభ్యులు, గౌరవనీయ హోబార్ట్ క్రెంషా గారు. ఊళ్లో త్యాగం గురించి ఉపన్యాసం ఇచ్చి, చేపలు పట్టడానికి ఫ్లోరిడా వెళ్తున్నారు. ఖజానాకు తాళం పడినా వారి జీతం ఆగదు. అది రాజ్యాంగంలోనే ఉంది.

ఆయన లొరెటాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. “ఏమ్మా, దేశం మీకు రుణపడి ఉంది.”

“ఆ సంగతి నాకూ తెలుసు సార్. బెల్టు తీయండి.”

తరవాత ఆయన పెట్టె తెరిచింది. అందులో గాలాల డబ్బా ఉంది. మొనదేలినవి ఒక్కొక్కటీ చూడాలని రూల్సు పుస్తకంలో ఉంది. మామూలు రోజుల్లో ఎవరూ చూడరు. లొరెటా చూసింది. ఒక్కో గాలాన్ని లైటు కింద పెట్టి, తిప్పి, పక్కన పెట్టి, మరొకటి తీసింది.

“నా ఫ్లైట్ పోతోందమ్మా!”

“మీ భద్రత కోసమే సార్.”

“ఇది పని కాదు, సమ్మె! సమ్మె చేస్తున్నావు నువ్వు! నీ పేరేంటి?”

“సమ్మె చేసేదాన్నయితే దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకునేదాన్ని సార్. పేరు బ్యాడ్జి మీద ఉంది, రాసుకోండి. ఇంకో ఇరవై ఆరు గాలాలున్నాయి, కదలకండి.”

ఆయన విమానం పోయింది. వెనక నిలబడిన పాపానికి నాదీ పోయింది. నిజం చెప్పొద్దూ, నా జన్మలో ఏ విమానాన్నీ అంత ఆనందంగా పోగొట్టుకోలేదు.

మరో అయిదు రోజులకు షట్‌డౌన్ ముగిసింది. ఆఫీసులన్నీ తెరుచుకున్నాయి. బకాయి జీతాలకు రెండు వారాలు పడుతుందన్నారు. లొరెటాకు నోటీసు రావడానికి రెండు రోజులు చాలాయి. గౌరవ సభ్యుల ఫిర్యాదు మేరకు, సమ్మెకు పాల్పడినందుకు ఆమెను ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో చెప్పాలట.

ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. “పందొమ్మిదేళ్లలో ఒక్క రోజు లేటుగా వెళ్లలేదండీ. ఒంట్లో బాగోకపోయినా వెళ్లాను. దీనికి ఏమని రాయను?” అంది. ముప్పై ఏళ్లుగా నవ్విస్తూ బతికినవాణ్ని, ఆ పూట నాకు ఒక్క జోకూ తట్టలేదు. సిగ్గేసింది.

నిన్న నాకూ ఒక కవరు వచ్చింది. లైన్లో వెనకే ఉన్నాను గనక గౌరవ సభ్యులు నన్ను సాక్షిగా రాయించారు. ఫారంలో ఒకటే ప్రశ్న: ‘సదరు రోజున, సదరు స్థలంలో, తన విధి నిర్వర్తించడానికి నిరాకరిస్తున్న ప్రభుత్వ వేతనదారు ఎవరినైనా మీరు స్వయంగా చూశారా? చూసి ఉంటే వివరాలు రాయండి.’

అబద్ధం ఆడితే జైలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని నిజమే రాశాను.

‘చూశాను. దేశానికి బడ్జెట్ పాస్ చేయడం అతని విధి. ముప్పై ఏడు రోజులుగా పూర్తి జీతం పుచ్చుకుంటూ ఆ పని మానేసి తిరుగుతున్నాడు. బూడిదరంగు కోటు, చేతిలో గాలాల డబ్బా. పేరు హోబార్ట్ క్రెంషా. చట్టప్రకారం వెంటనే ఉద్యోగం నుంచి తొలగించగలరు.’