నీటి విభజనలో మన వాటా

"ఆ మిషన్లోకి పోసేది మన ట్యాంకర్ నీళ్లేనేమోనే ఆశ్రితా! యాడన్నా అంతా తాగేసిందంటే ఐదు దినాలు మనం నాలుక తడుపుకునేది యెట్లా?" అని రూతు కూతుర్ని ముందే అడిగేసింది. అప్పటికింకా మిషన్ ఊళ్లోకే రాలేదు.

ఆశ్రిత అనంతపురంలో పరిశోధన చేస్తోంది. వేరుశనగ పొట్టు కాల్చిన బొగ్గు మీద నికెల్ పరమాణువులను ఒక్కొక్కటిగా, ఎడమెడంగా కూర్చోబెట్టి, కరెంటు సాయంతో నీళ్లను హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టే మిషన్ చేసింది. "గుంపు కట్టినాయంటే పని చేయవమ్మా" అంది. రూతుకు ఇందులో కొత్తేమీ కనబడలేదు. మండలాఫీసు చుట్టూ తిరుగుతూ ఆమె ఇరవై ఏళ్లుగా చూస్తున్నది అదే. "మిషన్‌కు గలాసెడు నీళ్లు చాలు" అన్నాక తల్లి ఊపిరి పీల్చుకుంది, అదీ సగమే.

బెళుగుప్ప పక్కనున్న ఆ ఊరికి ట్యాంకర్ ఐదు రోజులకొకసారి వస్తుంది. మిషన్ ప్రదర్శన సరిగ్గా ట్యాంకర్ వచ్చే రోజే పెట్టారు. బడి ముందు బ్యానర్ వెలిసింది: "నీటి విభజన మహోత్సవం." ఊరు ఉలిక్కిపడింది. ఒకసారి విభజన చూసిన ఊరది. ఆ తర్వాత ఎవరికేం దక్కిందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఊరి పెద్ద కుళ్లాయప్ప తక్షణమే వాటా సాధన సమితి స్థాపించి, తానే అధ్యక్షుడయ్యే త్యాగానికి సిద్ధపడ్డాడు. నీళ్లలో హైడ్రోజన్ రెండు వంతులు, ఆక్సిజన్ ఒక వంతు అని తెలియగానే బల్ల గుద్దాడు. "రెండొంతులు ఆ గార్లదిన్నె మండలానికి రాసిచ్చినారంట! మనకు ఒక వంతేనా?" గార్లదిన్నె వాళ్లకు ఈ సంగతే తెలియదు. దాంతో వాళ్ల కుట్ర ఎంత లోతైనదో రుజువైపోయింది.

"వాటాలేం లేవు మామా, అవి గాలులు" అంది ఆశ్రిత.

"గాలైతే మాత్రం వదులుకుంటామా పాపా?"

ముఖ్య అతిథి కార్లకు దుమ్ము అంటకూడదని ట్యాంకర్ నీళ్లు దోవ పొడుగునా చల్లారు. దోవ తృప్తిగా తాగింది. మిషన్‌కు గలాసెడు మిగిల్చారు. బుడగలు లేచాయి. ప్రజల ఆకాంక్షను మన్నించి రెండు వంతులూ ఈ ఊరికేనని అతిథి ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. కుళ్లాయప్పకు శాలువా కప్పారు.

రూతు ఖాళీ బిందెతో లేచి నిలబడింది. "మా పాప మిషన్ గలాసెడే తాగినాది సారూ. మిగతావి యాడికి పోయినాయి? ఈ పొద్దు తాగేకి ఏముండాది?"

అతిథి, పక్కనున్న మండలాధికారి వైపు చూశాడు. అధికారి మైకు వైపు చూశాడు. బిందెలు పట్టుకున్న జనం శాలువా వైపు చూశారు.

చివరికి ఊరి తరఫున కుళ్లాయప్పే జవాబిచ్చాడు:

"ఏమక్కా, రెండొంతులు గెల్చుకున్న దినం, ఈడ నీళ్ల మాట ఎత్తుతావా?"