నౌషీన్ అలసట ఎవరి హద్దులోది?

రోగం మనిషికి ఒంట్లో రాదు, ఊళ్లో వస్తుంది. వైద్యశాస్త్రం ఇంతవరకూ గుర్తించని ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత దువ్వూరు కమాల్ బాషాది. పొలం గట్ల తగాదాలు, బోరు నీళ్ల పేచీలు రాజీ చేయడంలో ఆయన మాటకు మండలంలో తిరుగు లేదు.

ఆయన కోడలు నౌషీన్‌కు పీసీఓడీ అని ప్రొద్దుటూరు లేడీ డాక్టరు చెప్పిన రోజు ఆయనకు పీసీఓ వరకే వినపడింది. టెలిఫోను బూత్‌లు మూతబడి ఇన్నేండ్లయ్యాక కోడలికి అదెట్లా వచ్చిందా అని విస్తుపోయాడు. అండాశయాల్లో హార్మోన్ల తిరకాసనీ, నెలసరి తప్పుతుందనీ భార్య మహబూబ్‌బీ చెవిలో చెప్పాక, మర్యాదగా గోడవైపు తిరిగి తల ఊపాడు.

నౌషీన్ కోరిక పెద్దదేమీ కాదు. ఒళ్లు బరువు, దువ్వెన నిండా జుట్టు, మధ్యాహ్నానికే కుట్టుమిషను మీద తల వాలిపోవడం. ఇంట్లో దీనికి పెట్టిన పేరు సోమరితనం. కాదు, ఇది రోగమేనని చదువుకున్నవాళ్లెవరైనా అందరి ముందూ ఒక్కసారి చెబితే ఆమెకు చాలు.

థైరాయిడ్ కోసం రక్తం తీస్తే టీఎస్‌హెచ్ (తేల్చుకో సామీ హాస్పిటళ్లలో) 4.8 అని వచ్చింది. ఆ ల్యాబు హద్దు నాలుగు. అందుకని అంకె పక్కన లావుపాటి హెచ్. హెచ్ అంటే హెచ్చు అని కమాల్ బాషా తెలుగులోనే గ్రహించాడు. ఈ అంకె హెచ్చితే గ్రంథి పని తగ్గినట్టు అర్థమట. (సర్కారు లెక్కలు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు.) థైరాయిడ్‌కు మాత్ర రాసి, అది దారికొచ్చాకే తన దగ్గరికి రమ్మని లేడీ డాక్టరు పంపేసింది.

జమ్మలమడుగులో థైరాయిడ్ డాక్టరు తన ల్యాబులోనే మళ్లీ రక్తం తీయించాడు. అంకె అదే. కాకపోతే ఆ ల్యాబు హద్దు ఐదున్నర. హెచ్ మాయం. ఈ అలసట పీసీఓడీ పరిధిలోది, నా స్టేషను కాదు అన్నట్టు చూసి, మాత్ర ఆపమన్నాడు. ఆ విధంగా నౌషీన్ ప్రొద్దుటూరులో రోగి, జమ్మలమడుగులో ఆరోగ్యవంతురాలు. (బస్సు ఏ మలుపు తిరిగినప్పుడు ఆమెకు నయమైందో కండక్టరు చెప్పలేకపోయాడు.)

తగువు తీర్చడానికి పులివెందుల వెళ్లారు. మూడో ల్యాబు ‘బార్డర్’ అని తేల్చింది. ఆ మాటతో కమాల్ బాషా ముఖం వెలిగిపోయింది. సరిహద్దు తగాదా అయితే డాక్టర్లతో పనేముంది?

సాయంత్రం వసారాలో పంచాయితీ పెట్టి తీర్పు చెప్పాడు. ఒంటి బరువు ఇరుపక్షాలకూ చెరిసగం. జుట్టు పీసీఓడీకి. అలసట పొద్దున థైరాయిడ్‌ది, మాపటేల పీసీఓడీది. మాత్ర మాత్రం ప్రొద్దుటూరు పోయిన దినాలు మాత్రమే మింగాలి.

"మాకూ ఉండె జుట్టు, మాకూ ఉండె పనులు. మేమెప్పుడన్నా ఇట్ల అంకెలు తెచ్చుకుంటిమా?" అంది మహబూబ్‌బీ.

"గట్టు జరిపితే పొలం పెరుగుతాదేమో మామా, నా నీరసం యాడికి పోతాది?" అంది నౌషీన్.

ఓడిన పక్షం ఎప్పుడూ అట్లాగే మాట్లాడుతుందని కమాల్ బాషాకు అనుభవం. అయినా తీర్పుకు ఒక చదువుకున్న సాక్షి ఉంటే మంచిదని, ఊళ్లో కొత్తగా వచ్చిన డాక్టరు బుష్రా దగ్గరికి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాడు.

ఆమె మూడు రిపోర్టులూ పక్కపక్కన పరిచి, అందరికీ ఓపికగా వివరించింది. ల్యాబును బట్టి మిషను మారుతుంది, మిషనును బట్టి హద్దు మారుతుంది. మారింది హద్దే గాని మనిషి కాదు. ఒక్క అంకెతో ఏదీ తేలదు. కొన్ని వారాలాగి ఒకే ల్యాబులో మళ్లీ చేయించాలి, టీ4 అనే థైరాయిడ్ హార్మోను కూడా చూడాలి. పీసీఓడీ, థైరాయిడ్ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, లక్షణాలు కలిసిపోవచ్చు. అందుకే కాగితం కన్నా ముందు మనిషిని అడగాలి.

అందరూ తలలూపారు. కమాల్ బాషా ఇంకొంచెం ఎక్కువ ఊపాడు.

డాక్టరు రిపోర్టులు పక్కకు నెట్టి, నౌషీన్ వైపు తిరిగింది.

"నీకెట్లుందో నువ్వు చెప్పమ్మా."

ఇన్ని ఊళ్లు తిరిగినా ఆ మాట ఎవరూ అడగలేదు. నౌషీన్ గొంతు సవరించుకుంది.

"జమ్మలమడుగులో అయితే శానా బాగుండాది, మేడం," అన్నాడు కమాల్ బాషా.