అరవై రెండో పేజీ

గోడ పగిలినంత మాత్రాన ఇల్లు శిథిలమైపోదు. ఆ పగులు ఫోటో కాగితం మీద అచ్చయి, ఆ కాగితం మీద సూపరింటెండెంటు గారి సంతకం పడినప్పుడే ఒక ఇల్లు శాస్త్రోక్తంగా శిథిలమవుతుంది. అంతవరకూ అది నిక్షేపంగా ఉన్నట్టే లెక్క. ఇందులో లోపల కాపురమున్నవాళ్ల అభిప్రాయంతో నిమిత్తం లేదు. ఇది శిథిల భవనాల శాఖవారి మూలసూత్రం.

(ఆ శాఖవారి రిపోర్టులో అరవై రెండో పేజీకెక్కిన మేడలో కింది వాటా నాది. కనుక నేను నిష్పక్షపాతంగా మాట్లాడతానని ఎవరూ ఆశపడొద్దు.)

పై వాటాలో టైలరమ్మ, ఆమె అత్తగారు ఉండేవారు. కోడలు బట్టలు కుడితే, అత్తగారు కిటికీ వెలుతురులో గోడకి ఆనుకుని కూర్చుని గుండీలు కుట్టేది. ఆ గోడే పగిలింది. సంతకమైన కాగితం చేతికొస్తే శాఖవారు వేరేచోట వాటా ఇస్తారు. రాకపోతే ఆ గోడ పక్కనే బతకాలి. తనిఖీకి వచ్చినాయన మంచివాడు. "అమ్మో, ఇదేం పగులమ్మా!" అని బెంబేలెత్తిపోయి, ఆ ఒక్క గోడకే ఇరవై మూడు ఫోటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఎందుకంటే నెలాఖరున నాలుగు వందల పన్నెండు ఇళ్ల రిపోర్టూ ఫోటోలతో సహా ఒక్క ఊపులో ప్రింట్ కావాలని నియమం. ప్రతి నెలా అది అరవై ఒకటో పేజీ దాకా గడగడా వచ్చి, మా పేజీ దగ్గరికొచ్చేసరికి మూలిగి, "మెమరీ చాలదు" అని తెర మీద చూపించి ఆగిపోయేది. ఎక్కువ పగిలిన ఇంటికి ఎక్కువ ఫోటోలుంటాయి. కాబట్టి ఇల్లు ఎంత ప్రమాదంలో ఉంటే అది కాగితం మీదికి రావడం అంత కష్టం. దీన్ని లోపం అనుకునేవాళ్లకి పరిపాలనంటే ఏమిటో తెలియదు.

రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగి, మూడో నెల టైలరమ్మ నన్ను ఆఫీసుకి తోడు తీసుకెళ్లింది.

"గోడ సందులో నా నాలుగు వేళ్లూ పడుతున్నాయి సార్," అంది.

"మీ గోడ వల్ల మా మిషన్ ఆగిపోతోందమ్మా," అన్నారు సూపరింటెండెంటు గారు నొచ్చుకుంటూ. "మీ వెనకాల మూడు వందల యాభై ఇళ్లు ఇరుక్కుపోయాయి. వాళ్లూ మనుషులే కదా!"

ఆమె తప్పు చేసినదానిలా తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది.

మూలనున్న కంప్యూటర్ ఆపరేటర్ గొంతు సవరించుకున్నాడు. "యాభై ఇళ్ల చొప్పున విడివిడిగా తీస్తే వచ్చేస్తుంది సార్. అరగంట పని."

"అప్పుడు చివరి పేజీలు తొమ్మిదొస్తాయి. దేని మీద పెట్టమంటావయ్యా సంతకం?"

"తొమ్మిదింటి మీదా..."

గదిలో ఉన్నవాళ్లంతా ఫైళ్లలోంచి తలెత్తి చూశారు. ఆపరేటర్ ఆ నెలంతా మళ్లీ నోరు మెదపలేదు.

ఆ తర్వాత 'మెమరీ సమృద్ధి సంఘం' ఏర్పడింది. కొత్త మెమరీ కొనాలంటే పాతది చాలడం లేదనడానికి రుజువు కావాలి. అందుకని "మెమరీ చాలదు" అన్న తెరని నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి, ఆ ఫోటోల్ని అదే రిపోర్టు మొదట్లో జతచేశారు. ఆ నెల అది నలభై ఎనిమిదో పేజీ దగ్గరే ఆగింది. సమస్య ఉన్నట్టు నిస్సందేహంగా తేలినందుకు సంఘంవారు ఒకరినొకరు అభినందించుకున్నారు.

పై నెలలో ఆ నాలుగు ఫోటోలూ పీకేసి, ఒక ఉత్తర్వు జారీ చేశారు. ఇకమీదట ఇంటికొక్క ఫోటోయే కనిపించాలి. అదీ తపాలా బిళ్లంతే ఉండాలి. ("చిన్నగా చూపించినా లోపల అన్నిటినీ మోస్తూనే ఉంటుంది సార్," అని ఆపరేటర్ గొణిగాడు. ఎవరూ వినలేదు.) ఈసారి అరవై రెండో పేజీ బయటికొచ్చి, అరవై మూడు దగ్గర మిషన్ ఆగిపోయింది. వచ్చినంతమేర పరిశీలించవచ్చని సంఘం తీర్మానించింది.

సూపరింటెండెంటు గారు భూతద్దం పెట్టి చూశారు. "పగులేదమ్మా?"

"ఫోటో చిన్నదైపోయింది కదా సార్, కనబడట్లేదు."

"ఫోటోతో పాటు పగులూ చిన్నదైందంటే, అది పెద్ద పగులు కాదన్నమాట."

"ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్. మా అత్తయ్య అక్కడే కూర్చుంటుంది. ఉన్నవి రెండు గదులు. ఆవిణ్ణి ఎక్కడికి జరపను?"

"నేనొచ్చి చూస్తే అది నా అభిప్రాయం అవుతుందమ్మా. రిపోర్టు అవదు."

'భవనం సురక్షితం' అన్న నోటీసు ఆ వారమే వచ్చింది. తెచ్చిన బంట్రోతు దాన్ని సరిగ్గా పగులు మీదే అతికించి వెళ్లాడు. పదిహేను రోజులకి నోటీసు పైనుంచి కిందికి నిలువునా చిరిగింది. టైలరమ్మ ఆ రెండు ముక్కలూ పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తింది. శాఖవారి నోటీసు చించినందుకు ఆమె దగ్గర సంజాయిషీ రాయించుకున్నారు.

గోడ ఒక మంగళవారం పొద్దున పదింటికి కూలింది. టైలరమ్మ బట్టలివ్వడానికి వీధి చివరిదాకా వెళ్లింది. నేను చప్పుడు విని పైకి పరిగెత్తేసరికి దుమ్ములో ఏమీ కనిపించలేదు. అత్తగారిని బయటికి తీసినప్పుడు చేతిలో సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. టైలరమ్మ ఏడవలేదు. "అన్నయ్యా, నేను సరిగ్గా చెప్పలేకపోయానా?" అని మాత్రం అడిగింది.

నెలాఖరున ఆమె వాటా సంగతి అడగడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. సూపరింటెండెంటు గారి ముందు లావుపాటి కాగితాల కట్ట ఉంది. ఆయన మొహం వెలిగిపోతోంది.

"రిపోర్టులో లేని ఇంటికి వాటా ఇవ్వలేమండీ," అన్నారు, చివరి పేజీ మీద సంతకం పెడుతూ. "కానీ మీకో సంగతి చెప్పాలి. మీ మేడ పేరు కొట్టేశామో లేదో, మిగతా నాలుగు వందల పదకొండూ ఆగకుండా వచ్చేశాయి. ఇన్నాళ్లూ పాపం, మిషన్‌ని అనుమానించాం."