కుక్కకి జోడీ చొక్కా కుట్టించండి

కుక్కకి వేసవి చొక్కా లేని ఇంటికి పిల్లనివ్వకండి. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. ఫ్యాను కింద కూర్చుని, చల్లటి మజ్జిగ తాగి, బాగా ఆలోచించి మరీ అంటున్నాను.

నా పేరు వరప్రసాదరావు. జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఇంట్లో నేనూ, మా ఆవిడ వాసవాంబా, బూరె అనే లాబ్రడార్ కుక్కా ఉంటాం. రంగు చూసి ఆ పేరు పెట్టాం. తర్వాత ఆకారం కూడా పేరుకి తగ్గట్టే వచ్చింది. ఈ ఎండాకాలం నుంచి నేనూ బూరే ఒకే గుడ్డలోంచి కుట్టించిన బట్టలు వేసుకుంటున్నాం. నాకు పల్చటి నూలు లాల్చీ, దానికీ అదే నూలు లాల్చీ. నాది మోకాళ్ళ దాకా ఉంటుంది, దానిది తోక దాకా.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఒకే గుడ్డ మనకేమన్నా కొత్తా? నా చిన్నప్పుడు మా నాన్న ఏడాదికోసారి ఒక తాను తెచ్చి, అన్నదమ్ములందరికీ అందులోంచే చొక్కాలు కుట్టించేవాడు. మిగిలిన ముక్కని కిటికీకి తెర కట్టేవారు. వీధిలో ఏ పిల్లాడు ఏ ఇంటివాడో చొక్కా చూసి చెప్పేసేవాళ్ళు. ఇప్పుడు ఇంటికొక్కరే పిల్లలు. వాళ్ళు అమ్మానాన్నలతో ఫొటో దిగడానికే బతిమాలించుకుంటారు, ఇంక ఒకే గుడ్డ తొడుక్కుంటారా? మన తాను గుడ్డ సంప్రదాయాన్ని ఈవేళ కాపాడుతున్నవి కుక్కలే.

ఒంటినిండా బొచ్చున్న జంతువుకి ఎండాకాలంలో చొక్కా ఏమిటని మా పక్కింటి కొండలరావు అడుగుతాడు. ఈ కొండలరావే నిరుడు రోహిణి కార్తెలో మేనల్లుడి పెళ్ళికి సూటు వేసుకుని, టై బిగించుకుని, పెరుగన్నం దాకా చెమటలు కక్కుతూ భోజనం చేశాడు. ఆ సూటు ఎందుకని బూరె అడిగిందా? ఎవరి బట్టలు వారిష్టం అనే సంస్కారం దానికుంది.

లాభాలు చెప్పమంటారా? జోడీ బట్టల్లో ఉన్న కుక్క తప్పిపోతే యజమాని ఎవరా అని వాకబు చేయనక్కర్లేదు. అదే రంగు చొక్కాలో రోడ్డు మీద పరిగెత్తే మనిషిని ఆపితే చాలు. దాంపత్యానికీ మంచిది. మా ఆవిడ ఇదివరకు నా చొక్కా వంక చూసేదే కాదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే తేరిపార చూస్తుంది, బూరెకి మ్యాచ్ అయిందా లేదా అని. ఇక ఆరోగ్యం సంగతా? సెట్టు వేసుకున్నాక ఎవరూ చూడకపోతే ఎలా? అందుకని తెల్లారేసరికి వాకింగ్‌కి బయల్దేరుతున్నాం. అన్నిటికన్నా గొప్ప లాభం పరపతి. ఇన్నేళ్ళుగా ఊళ్ళో నన్ను పప్పుల కొట్టాయన అనేవారు. ఇప్పుడు బూరె వాళ్ళ నాన్నగారు అంటున్నారు.

ఈ బట్టలు మా పేటలో దొరకవు. నందిగామ వెళ్ళాలి. అక్కడొక పెద్ద షోరూం ఉంది. పేరు రాస్తే ప్రకటన అనుకుంటారు, అందుకని రాయను. యజమాని సాయిప్రసాద్ గారు ముందుచూపున్న మనిషి. ఎండలు ముదరకముందే పై అంతస్తులో 'సమ్మర్ జోడీ' అని కుక్కలకీ వాటి యజమానులకీ కలిపి ఒక సెక్షన్ తెరిచారు. స్లాబు వేడికి కుక్కలు రొప్పుతాయని అక్కడ ఒక పెద్ద కూలరు పెట్టించారు. కుక్కలకి అరికాళ్ళు కాలకుండా నేల మీద మెత్తటి తివాచీ పరిపించారు. నాకూ మా ఆవిడకీ సోఫా, బూరెకి గిన్నెలో చల్లటి నీళ్ళు. ఇంతకన్నా ఏం కావాలి?

అక్కడి సేల్స్ అమ్మాయిలకి కూడా జోడీ దుస్తులే. అందరిదీ ఒకే తాను. షోరూం బోర్డు రంగుకి మ్యాచ్ అయ్యేట్టు మెరూన్ పాలియెస్టర్ చీర, దాని మీద మెడ దాకా గుండీలున్న కోటు. ఎండాకాలానికీ అదే, చలికాలానికీ అదే. మ్యాచింగ్ విషయంలో సాయిప్రసాద్ గారు రాజీపడరు.

కానీ నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. ఆ అమ్మాయిలకి కుక్కలంటే ఉన్న ప్రేమ! బూరె మెట్లెక్కి పైకి రాగానే ఫ్లోరంతా కళ్ళు విప్పార్చుకుని చూస్తారు. ఎవరు కొలత తీయాలో వాళ్ళలో వాళ్ళు చిన్నగా మాట్లాడుకుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు కరిష్మా అనే అమ్మాయి వచ్చింది. చందర్లపాడు నుంచి రోజూ బస్సులో వస్తుందట. టేపు మెళ్ళో వేసుకుని, బూరె పక్కన తివాచీ మీద మెల్లగా కూర్చుని, స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, అప్పుడు మొదలుపెట్టింది.

ముందు మెడ. తర్వాత ఛాతీ. తర్వాత నడుం, అది ఎక్కడుందో వెతికి మరీ. తర్వాత ముందుకాళ్ళు, విడివిడిగా. చొక్కాకి తోక కొలత దేనికని నేను అడగబోయాను గానీ తోక కూడా కొలిచింది. అంతా అయ్యాక మళ్ళీ మెడ దగ్గరికి వచ్చింది.

"మెడ ఇందాకే అయిందిగా అమ్మా" అన్నాను.

"అప్పుడు ఊపిరి వదిలిందండి. ఇప్పుడు పీల్చింది. రెండూ చూసుకోకపోతే కుట్టినాక బిగుతుగా వస్తదండి" అంది.

నేను పరవశించిపోయాను. నా పెళ్ళి చొక్కాకి కూడా దర్జీ నా ఊపిరి లెక్కలోకి తీసుకోలేదు. పైగా కుక్క కదిలితే ఎవరైనా విసుక్కుంటారు కదా, ఈ అమ్మాయి దాని పొట్ట గోకి మరీ కదిలిస్తోంది. కదిలినప్పుడల్లా సంతోషంగా మళ్ళీ మొదటి నుంచి కొలుస్తోంది. యువతరంలో భూతదయ లేదనేవాళ్ళని తీసుకొచ్చి ఆ సెక్షన్లో నిలబెట్టాలనిపించింది. తిరుగు ప్రయాణంలో కారులో ఈ మాటే మా ఆవిడతో అన్నాను.

వాసవాంబ "ఏవండీ, ఆ పిల్ల కుక్కని కొలవట్లేదు. కూర్చుంటోంది" అంది.

నాకు అర్థం కాలేదు. "ఆ పిల్ల పాదాలు చూళ్ళేదా మీరు? చెప్పుల్లో పట్టడం లేదు" అంది.

మళ్ళీ వారం బూరెకి ఇంకో సెట్టు కుట్టించే వంకతో వెళ్ళాం. ఈసారి మా ఆవిడ సోఫాలో కూర్చోకుండా తివాచీ మీదికి దిగి కరిష్మా పక్కన చేరింది. ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

"పొద్దున షాపు తీసిన కాడ్నించి రాత్రి మూసిందాకా నిలబడే ఉంటామాంటీ. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. కెమెరాలో పడితే మైకులో పిలుస్తారు, పై ఫ్లోర్లో కూర్చుందెవరూ అని. షాపంతా వినపడతది."

"కాళ్ళు ఎవరికైనా చూపించుకున్నావా?"

"చూపించాను. నరాలు ఉబ్బినయ్యి, మధ్యమధ్యలో కాసేపు కూర్చోకపోతే పుండ్లు పడతాయమ్మా అంది డాక్టరమ్మ. ఆ మాటే మేనేజరు గారితో చెప్తే, అయితే ఇంట్లోనే కూర్చో అన్నారాంటీ." టేపు ఒకసారి బూరె మెడ చుట్టూ తిప్పి మళ్ళీ తీసింది. "మా నాన్న ఆటో ఒక్కదాంతో ఇల్లు గడవదు. కుక్క వస్తే మాత్రం ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమనరు. అందుకని అందరం వంతులేసుకున్నాం. ఎవరికి కాళ్ళు బాగా లాగుతుంటే వాళ్ళకి ముందు."

నేను సోఫాలో ఉన్నాను. వెనక్కి ఆనుకుని ఉన్నవాణ్ణి ముందుకి జరిగి కూర్చున్నాను.

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి. కుక్కలకి చొక్కాలేమిటని వెక్కిరించే మేధావులు ఆ అమ్మాయిలకి ఏనాడైనా కూర్చునే ఏర్పాటు చేశారా? చట్టాలు చేసేవాళ్ళు చేశారా? షాపింగ్‌కి వెళ్ళి, నిలబడ్డ మనిషి చేత చీరలన్నీ విప్పించి, ఒక్కటీ నచ్చలేదని లేచి వచ్చే మనం చేశామా? బూరె చేసింది. అదీ తోక ఊపుతూ చేసింది.

ఆ రోజు నుంచి బూరె అవసరాలు పెరిగాయి. వాకింగ్‌కి ఒక సెట్టు, సాయంత్రం వరండాకి ఒక సెట్టు. వేదాద్రి వెళ్ళినప్పుడు కృష్ణ ఒడ్డున గాలి తగిలేట్టు చేతుల్లేని సెట్టు. కుక్కని గుళ్ళోకి రానివ్వరని తెలుసు, బయట కారులో కూర్చునేటప్పుడైనా పద్ధతిగా ఉండాలి కదా. గుడ్డ ఉతుకులో కుదించుకుపోయిందని ఒకసారి, సాగిందని ఒకసారి వెళ్ళాం. బూరె లావైందని నేనూ, చిక్కిపోయిందని మా ఆవిడా షోరూం మధ్యలో నిలబడి అందరికీ వినపడేట్టు పోట్లాడుకునేవాళ్ళం. ఆ తగువు తీరాలంటే కొలవడం తప్ప మార్గం లేదు. పేటకీ నందిగామకీ మధ్య హైవే మీద మా కారు తిరిగినంత మా పప్పుల లారీ తిరగలేదు.

ఇంత గిరాకీ ఉంటే సాయిప్రసాద్ గారి కంట పడకుండా ఉంటుందా? కింద తన గదిలో కెమెరా తెర మీద చూశారట. ఒక రోజు స్వయంగా పైకి వచ్చి నాకు నమస్కారం పెట్టారు.

"మీలాంటి పెద్దవారి కుక్కని నేలమీద ఉంచి కొలుస్తున్నారండి. నాకు మనసొప్పలేదు" అన్నారు.

ఆయన వెనకే ఒక బల్ల వచ్చింది. నడుమెత్తు బల్ల. పైన మెరూన్ వెల్వెట్, అంచులకి జరీ లేసు. కూలరు మూతి కూడా దానివైపు తిప్పించారు. ఇకమీదట కుక్క బల్లమీద నిలబడుతుంది, అమ్మాయి దాని పక్కన నిలబడి చకచకా కొలత తీసేస్తుంది. ఎవరూ కిందికి వంగే పనే లేదు.

కరిష్మా టేపు చేతికి చుట్టుకుంటూ ఆ తివాచీ వైపు చూసింది.

"అమ్మాయికి ఒక స్టూలు వేయించరాదా సాయిప్రసాద్ గారూ" అన్నాను, వీలైనంత మామూలుగా.

"స్టూలా? పైకి రాగానే కూర్చున్న మనుషులు కనపడితే షాపులో గిరాకీ లేదనుకుంటారు కదండీ. మీకు నేను చెప్పాలా, మీరూ వ్యాపారస్తులే."

నిజమే, నేనూ వ్యాపారస్తుణ్ణే. పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లాపెట్టె ముందు దిండుకి ఆనుకుని కూర్చునే ఉంటాను. నాకు గిరాకీ లేదని ఇంతవరకూ ఎవరూ అనుకోలేదు. సాయిప్రసాద్ గారి తాతగారి కొట్టు కూడా నాకు బాగా గుర్తు. పరుపులు, వాటి మీద తెల్లదుప్పట్లు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఆ పరుపుల మీద జరిగిన వ్యాపారంతోనే ఈ అంతస్తులన్నీ లేచాయి. ఈ సంగతులన్నీ గొంతు దాకా వచ్చాయి. కానీ ఆయన మా దగ్గర పెళ్ళిళ్ళకి కందిపప్పు కొంటారు. మింగేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

ఇద్దరు కుర్రాళ్ళు పట్టి బూరెని బల్ల ఎక్కించారు. అది ఎత్తు నుంచి కిందికి చూసింది. నాలుగు కాళ్ళూ వణికాయి. ఒక్క ఉరుకు ఉరికి కిందపడి, లేచి, బల్ల కిందికి దూరి పొట్ట నేలకి ఆనించి పడుకుంది. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ దూకింది. సాయిప్రసాద్ గారే స్వయంగా బిస్కెట్టు చూపించి బుజ్జగించారు. బిస్కెట్టు తిని దూకింది. పొట్ట కింద చేతులేసి ఎత్తబోయిన మేనేజరు గారి చొక్కా జేబు చిరిగింది.

మేం బూరెకి ఏమీ నేర్పలేదని ఇక్కడ ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. అది పుట్టుకతోనే అంత మంచిది.

అందరూ ఆయాసపడుతూ నిలబడ్డారు. అప్పుడు కరిష్మా ముందుకొచ్చి, చాలా వినయంగా, కొలతల్లో తలపండిన మనిషి గొంతుతో అంది.

"సార్, ఇది బల్లమీద కొలత ఇవ్వదండి. దీనికి కిందే తియ్యాలి."

సాయిప్రసాద్ గారు కెమెరా వైపు చూశారు, నా వైపు చూశారు, బూరె వైపు చూశారు. "సరే, కానీ" అన్నారు.

కరిష్మా తివాచీ మీద కూర్చుంది. స్తంభానికి వీపు ఆనించింది. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా చాపుకుని, కళ్ళు మూసుకుని, మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మైకులో ఎవరూ పిలవలేదు.

అయితే ఆ బల్లని మాత్రం తీయలేదు. ఈ మధ్య కొన్ని కుక్కలు యజమాని వేలు చూపించగానే ఠక్కున దాని మీదికి ఎక్కి, కదలకుండా నిలబడి, నిమిషంలో కొలతలిచ్చి దిగిపోతున్నాయి. ఇవి విజయవాడ పంపించి ట్రైనింగ్ ఇప్పించిన కుక్కలట. వాటి యజమానులు గర్వంగా మా వంక చూస్తారు. అవి బల్ల దిగేసరికి ఆ పూట వంతు వచ్చిన అమ్మాయి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంటుంది.

ఎండలు ఇంకా చాలా రోజులున్నాయి. కాబట్టి ఆలస్యం చేయకుండా మీ కుక్కలకి బట్టలు కుట్టించండి. ఎన్ని సెట్లైనా కుట్టించండి. షేక్‌హ్యాండ్ ఇవ్వడం నేర్పండి, బంతి తీసుకురావడం నేర్పండి. బల్ల ఎక్కడం మాత్రం నేర్పకండి.