పొయ్యిల సింగారం

రెండువేల ఏడు, మార్చి ఆరో తారీఖు. ఆ పొద్దున వెంకటరామారావు తిన్నది ఉప్మా. అడుగంటింది, ఉప్పు వేయడం మర్చిపోయాడు. అయినా నడుమ ఒక పచ్చిమిరపకాయ కమ్మగా తగిలేసరికి మిగతా తప్పులన్నీ క్షమించేశాడు. భార్య కళావతి పోయినప్పటి నుంచీ వంట ఆయనదే, క్షమించడమూ ఆయనదే. ఆమె ఉన్న రోజుల్లో, ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే ముందు పొయ్యి కడిగి, ఎర్రమట్టితో అలికి, అంచున సున్నపు గీతలు పెట్టేది. ఆ పొద్దున అది గుర్తుకు రాకపోయి ఉంటే బాగుండేది.

పినపాకకు కొంత ఎడంగా, అడవి అంచున ఉన్న ఒక కోయగుంపులో, అంటే చిన్న గూడెంలో, ఆయన పనిచేసే సంస్థ ఇంటింటికీ పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి కట్టించింది. కట్టెలు తక్కువ కాలితే గాలిలో కలిసే కార్బన్ తగ్గుతుంది. ఆ తగ్గినదానికి ఎక్కడో చలిదేశపు కంపెనీ సొమ్ము ఇస్తుంది. ఆ సొమ్ము వస్తేనే వాగు అవతలి గుంపుకూ పొయ్యిలు. అక్కడి జంపక్క సంతలో కనపడ్డప్పుడల్లా, పొగకు ఎర్రబారిన కళ్లు తుడుచుకుంటూ "మాకెప్పుడు సారూ?" అని అడిగేది. పొయ్యిలు నిజంగా వాడుతున్నారని తనిఖీ అధికారి ఒప్పుకోవాలి. ఆ అధికారి, శ్యామల మేడం, హైదరాబాదు నుంచి ఆ మధ్యాహ్నమే వస్తోంది.

"రవీందర్, మేడం వచ్చేసరికి పొయ్యిలన్నీ పెళ్లికూతుళ్ల లెక్క ఉండాలె. మసి చుక్క కనపడొద్దు" అన్నాడు.

రవీందర్ ఆ పొయ్యిలు కట్టిన మేస్త్రీ. "పొయ్యికి సింగారమేంది సార్?" అన్నాడే గానీ, చెప్పింది చేసే మనిషి. ఆడవాళ్లను కూడగట్టి పొయ్యిలు తోమించాడు, ఎర్రటి జాజుమట్టి పూయించాడు. ఉత్సాహం ఆగక ఇళ్ల మీదికెక్కి పొగగొట్టాలకూ సున్నం కొట్టసాగాడు.

"సున్నం లోపలికి కారుతాంది సార్!"

"గోనెపట్టా ముక్కలు కుక్కు!"

కుక్కాడు. గుంపు పెద్ద పగిడయ్య తల గోక్కుంటూ వచ్చాడు. "పొయ్యిలు ముట్టుకోవద్దంటివి. మరి పగటికి మేమేం తినాలె సారూ?"

"ఒక్క పూటకు వాకిట్ల మూడు రాళ్లు పెట్టుకోండ్రి పెద్దాయనా. మేడం వచ్చేలోపల తీసేద్దాం."

గుంపు చివరి ఇంట్లో ముత్తక్క ఒక్కతే ఒప్పుకోలేదు. "నా కోడలికి పురుడైంది. శుద్ధి చేసిందాక పొయ్యి ఆర్పం. నీ మేడం కోసరం ఆర్పాల్నా?"

ఆయన తలుపు సందులోంచి చూశాడు. పొయ్యి నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. "రవీందర్, ఆ ఇంటి దిక్కు మేడంను తీస్కపోకు. పరువు పోతది" అని గొంతు తగ్గించి చెప్పాడు.

మేడం జీపు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. దిగగానే ఆమెకు కనిపించింది, వాకిలి వాకిలికీ మూడు రాళ్ల పొయ్యి, దాని ముందు కళ్లు నలుపుకుంటూ ఊదుతున్న మనిషి. నేరుగా మొదటి ఇంట్లోకి వెళ్లింది. లోపల పొయ్యి దేవుడి గద్దెలా మెరిసిపోతోంది.

"దీన్ని ఎన్నడన్న ముట్టించిన్రా?"

"రోజూ ముట్టిస్తరు మేడం" అన్నాడు వెంకటరామారావు.

"మరి మసేది?"

"కడిగించినం."

"బూడిద?"

"ఎత్తిపోయించినం."

"బయట ఆ వంటలేంది?"

ఆయన నోరు తెరిచేలోపే పగిడయ్య నిజం చెప్పేశాడు. "సారే పెట్టుకోమన్నడమ్మా."

వెంకటరామారావుకు జంపక్క కళ్లు గుర్తొచ్చాయి. "మీరే చూడండి మేడం, ఇప్పుడే ముట్టిస్తరు! అందరూ లోపల్కి పోండ్రి! జల్దీ!"

రవీందర్ ఏదో చెప్పబోయాడు. సార్ వినే స్థితిలో లేడు. అన్ని ఇళ్లలో ఒక్కసారే పొయ్యిలు ముట్టించారు. గొట్టాల నిండా గోనెపట్టాలు, మట్టి ఇంకా పచ్చి. పొగ పైకి పోలేక ఇళ్లు నింపింది, తలుపుల్లోంచి పొర్లింది, పెంకుల సందుల్లోంచి లేచింది. పిల్లలు, కోళ్లు, ముసలివాళ్లు దగ్గుకుంటూ బయటపడ్డారు. కాసేపటికి అడవిలోంచి అటవీశాఖ బీటు ఆఫీసరు, మంటలు కొట్టి ఆర్పడానికి పచ్చికొమ్మలు పట్టుకున్న మనుషులతో రొప్పుతూ వచ్చాడు.

"యాడ అంటుకుంది? ఎంత అడివి పోయింది?"

"అడివి కాదయ్యా" అన్నాడు పగిడయ్య, "పొగ రాని పొయ్యిలు."

మేడం చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని, పొగ లేని ఇల్లు ఎక్కడుందా అని చూసింది. ఒక్కటే ఉంది. అటు నడిచింది.

"మేడం, ఆ ఇల్లొద్దు!" అంటూ ఆయన వెంటపడ్డాడు. ముత్తక్క ఆమెను చెయ్యి పట్టి లోపలికి తీసుకుని, ఆయనకు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నువ్వాగు సారూ. పురుడిల్లు. మగోళ్లు రావొద్దు."

ఆయన ఆగిపోయాడు. అన్నేళ్ల ఉద్యోగంలో తను చూపించని ఇంటిని అధికారి చూడటం అదే మొదలు. లోపల పసిబిడ్డ ఒకసారి కేరుమంది. తర్వాత ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. ఆ నవ్వు తన గురించేనని ఆయనకు అనుమానం కలిగింది. అది నిజమే.

మేడం బయటికి వచ్చింది. ముక్కు మీద మసి. "బిడ్డ పుట్టినకాన్నుంచి ఈ పొయ్యి ఆరలేదట. పక్కనే పండుకున్న బాలింతకు దగ్గన్నదే లేదు. మసి చూసి ఇంత సంతోషపడ్తనని అనుకోలే. మిగిలిన ఇండ్లల్ల కూడ గిట్లనే ఉండెనా?"

"ఉండె మేడం. నేనే కడిగించిన" అన్నాడాయన, తల వంచుకుని. "గొట్టాలల్ల పట్టాలు కూడ నేనే కుక్కమన్న."

ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. కోప్పడలేదు. "పట్టాలు తీయించండి. నేను రాత్రికి ఈడనే ఉంట. పొద్దుగాల వీళ్లు లేచి ఎట్ల వండుకుంటరో నా కండ్లతోని చూస్త."

"అయితే మీకు మంచం, దోమతెర, ఫిల్టరు నీళ్లు... నేను ఏర్పాట్లు..."

"అవే వద్దంటున్న. మీరు పినపాకకు పోండి. రేపు నేను కబురు పంపిందాక రాకండి."

మేడం ఒప్పుకోవడంతో, ఆ ఎండలు ముదరకముందే వాగు అవతల జంపక్క ఇంట్లో పొయ్యి ముట్టింది. అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం ఆయన మోటారుసైకిలు పక్కన వెళ్లలేక నిలబడ్డాడు. పట్టాలు తీసిన గొట్టాల్లోంచి సన్నటి పొగ బుద్ధిగా పైకి పోతోంది. ఏ వాకిట్లోనూ ఎవరూ కళ్లు తుడుచుకోవడం లేదు. ముత్తక్క మోదుగాకు దొన్నెలో ఇంత అన్నం, చింతపండు చారు తెచ్చి చేతిలో పెట్టింది.

"తిని పో సారూ. మొగం గట్ల పెట్టకు. పొయ్యిలకేం కాలే."

ఆయన నిలబడే తిన్నాడు. చారులో ఉప్పు సరిపోయింది. చీకటి పడుతుండగా ముత్తక్క మేడంను తీసుకుని లోపలికి వెళ్లి, బిడ్డ లేవకుండా తడిక తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. వెంకటరామారావు బయటే ఉండిపోయాడు కాబట్టి, లోపల తనిఖీ సక్రమంగా మొదలైంది.